డబ్బాకు సుడి చూసిన మనిషి

నేను బడి మానేసిన సంగతి మా బడికి చాలా రోజుల దాకా తెలియలేదు. వెళ్లిన రోజుల్లో కూడా లేనట్టే ఉండేవాణ్ణి కాబట్టి అందులో సార్ల తప్పేమీ లేదు. ఆ చదువుతోనే కోస్గిలో కంప్యూటర్ల దుకాణం తెరిచాను. "ఏడ నేర్చుకున్నవ్ గిదంత?" అని ఎవరైనా అడిగితే, ముందు స్క్రూలు విప్పడం నేర్చాననీ, తర్వాత బిగించడం నేర్చాననీ, బిగించాక మిగిలిపోయిన స్క్రూలనే అనుభవం అంటారనీ చెబుతాను. నవ్వినవాళ్లు నా దగ్గర కంప్యూటర్ కొంటారు. నవ్వనివాళ్లు హైదరాబాద్ పోయి కొంటారు.

ఆయన నవ్వలేదు. హైదరాబాదూ పోలేదు. నా ప్రాణం తీయడానికి కోస్గిలోనే నిలబడ్డాడు.

మొన్న ఆయన చనిపోయాడని వాళ్ల కోడలు ఫోన్ చేసింది. మనసు కలుక్కుమంది. దాని వెనకే, పాత అలవాటు కొద్దీ, విసుగు కూడా వచ్చింది. చనిపోయాక కూడా మనిషికి విసుగు తెప్పించాలంటే ఎంత సత్తా ఉండాలో ఆలోచించండి.

ఆయన మా పక్క పల్లెలో ఎడ్ల బేరగాడు. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి బేరం కుదిర్చేవాడు. రాష్ట్రం వచ్చిన తర్వాత చూస్తుండగానే ట్రాక్టర్లు ఇంటింటికీ చేరి ఎడ్ల బేరాలు పలచబడ్డాయి గానీ, ఆయన అలవాట్లు మాత్రం చెక్కు చెదరలేదు. నెత్తిన రుమాలు, భుజం మీద తువ్వాల, నోట్లో వేపపుల్ల. నా దుకాణంలో ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాలి. అయినా నన్ను 'సేటూ' అని పిలిచేవాడు. మొదట్లో గౌరవం అనుకున్నాను.

ఆయనకు కంప్యూటర్‌తో పనేమిటంటే, కోడలు. ఆ పిల్ల పెళ్లికి ముందు పాలమూరులో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేది. అత్తగారింటికి వచ్చాక ఆ పని పోయి పత్తి చేను మిగిలింది. అలా ఉండగా కోస్గి ఫోటోగ్రాఫర్ ఒకాయన ఆమెకొక పెళ్లి తాలూకు ఫుటేజీ ఇచ్చి, "పెండ్లిపిల్ల ఒడిబియ్యం నాటికి వీడియో నా చేతుల వెట్టు. మంచిగొస్తే ఇగ నా పనంత నీకే. లేకుంటే ఎప్పటి తీరుగ హైదరాబాదే పంపుత" అన్నాడు. పెళ్లికూతురికి పుట్టింట్లో ఒడి నింపే ఆ వేడుకకు చుట్టాలందరూ వస్తారు, అప్పుడే అందరూ కూర్చుని చూడాలని ఆ ఇంటివాళ్ల ముచ్చట. అదొక్కటే ఆ పిల్లకు చిక్కిన దారి. దానికి గట్టి కంప్యూటర్ కావాలి.

ఆమె ఫోన్లో వీడియోలు చూసి చూసి సామానంతా తనే ఎంచుకుంది. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ హైదరాబాద్ బస్సులో పార్సిల్‌గా వచ్చి నా బల్ల మీద కూర్చున్నాయి. మిగిలింది పవర్ సప్లై ఒక్కటి. మేం ఎస్‌ఎంపీఎస్ అంటాం. గోడలోంచి కరెంటు తీసుకుని లోపలి సామానుకంతా ఎవరికి తగినంత వాళ్లకు పంచే ఇనుప డబ్బా అది. అక్కడ మామ అడ్డుపడ్డాడు.

"మిగిలినయన్ని బండి, సేటూ. అది నా కోడలు చూసుకున్నది. లాగేది గిదొక్కటే. గిది నేను చూస్త."

చూడ్డం మొదలుపెట్టాడు. నాకు శని పట్టింది.

మొదట, క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు.

"గిదెట్లొచ్చింది?"

"పెట్టెతోని వచ్చింది పెద్దనాయినా. ఫుకట్‌దే."

"అరణపు ఎద్దన్నట్టు," అన్నాడు. పెళ్లికూతురితో పాటు పుట్టింటివాళ్లు తోలే పశువును అరణం అంటారు. "అరణపు ఎద్దుకు ఎవలు పండ్లు చూడరు. చూడరని తెలిసే ఇస్తరు. వద్దు."

ఆ మాటకు దండం పెట్టాలనిపించింది. ఆ డబ్బాను నేనైనా ఆ గ్రాఫిక్స్ కార్డు కింద పెట్టను. చేతులు జోడించేలోపే ఇంకో డబ్బా తీసి తిరగేశాడు. తువ్వాలతో తుడిచాడు. వైర్ల కట్టను పట్టుకుని వేలాడదీసి "తోక మంచిగనే ఉన్నది" అన్నాడు. అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. తర్వాత దాని ఫ్యాన్‌లోకి నోటితో ఊదాడు. రెక్కలు తిరిగాయి.

"సుడి ఎడమకు తిరుగుతాంది. పనికిరాదు."

"పెద్దనాయినా, అది సుడి కాదు, ఫ్యాను!"

"ఎద్దు సుడి గూడ వట్టి ఎంటికెలే గద. అయినా చూస్తలేమా?"

మరో సంతనాడు ఇంకా బలమైనది తెప్పించి చూపించాను. దాన్ని చూసి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని పక్కన పెట్టాడు.

"బలమున్నదానికి మేత ఎక్కువ. కరెంటు బిల్లు నువ్వు గడ్తవా?"

"తినదు పెద్దనాయినా. దీనికి ఎంత బరువు కడ్తే గంతే తింటది. బరువు లేనప్పుడు ఊర్కె నిలవడ్తది."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. వట్టి జాలి ఉంది.

"అసొంటి ఎద్దు యాడనన్న ఉంటే, సేటూ, దునియాల బేరగాడనేటోడే పుట్టకపోవు."

అది పడనిది కాబట్టి వేరేది. అది తేలిక కాబట్టి ఇంకొకటి. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఏమీ చెప్పకుండా వెనక్కి ఇచ్చాడు. ఎందుకని అడిగితే "ఊర్కె" అన్నాడు. ఇంకో సంతకు తన ఈడు బేరగాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ నా గడప మీద గొంతుకు కూర్చుని, నడుమ డబ్బా పెట్టుకుని, సంత ముగిసేదాకా దాన్ని అలాగే చూశారు. లోపలికి రావాలనుకున్నవాళ్లు ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని తిరిగి వెళ్లిపోయారు.

అన్నిటికంటే అధ్వానం తువ్వాల సంగతి. ఆ రోజు దుకాణంలో జిరాక్స్ కోసం జనం ఉన్నారు. నేను మర్యాదగా "ఎన్ని వాట్లది తీద్దాం పెద్దనాయినా?" అని అడిగాను. అంతే, నా చెయ్యి గుంజుకుని, దాని మీద తువ్వాల కప్పి, కింద నా వేళ్లు పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాడు. సంతలో ఎడ్ల బేరం అలాగే చేస్తారు, పక్కవాడికి అంకె తెలియకుండా. నాకు ఆ వేళ్ల లెక్క రాదు. ఆయన రెండు వేళ్లు నొక్కి కన్ను గీటితే నేనేమనుకోవాలి?

"పెద్దనాయినా, గిది దాచే ముచ్చట గాదు. డబ్బా మీదనే ఇంతింత అచ్చరాలతోని రాసుంటది!"

"రాసుంటే ఉండనీ. మనకెంత అక్కెరున్నదో ఊరందరికి చెప్తమా? అక్కెర తెలిసిందంటే మెడ వంచుతరు."

జిరాక్స్‌కు వచ్చిన ఒకామె కాగితాలు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

చివరకు ఒకదాని మీద ఆయన మనసు నిలిచింది. మంచి డబ్బానే. మొదటి రోజే నేను చెప్పింది అదే. ఆ మాట అంటే, "నువ్వు చెప్తే కొంటే అది కొనుడెట్లయితది?" అన్నాడు. ఆ తర్వాత "బండికి కట్టి నడిపిచ్చి చూపెట్టు" అన్నాడు. సరే, సామానంతా బిగించాను. కోడలు వచ్చి ఆ పెళ్లి బరాత్ ముక్కను మిషన్ మీద పెట్టింది. పొద్దున మొదలైన పని సంత చెదిరేదాకా ఆగకుండా నడిచింది. ఆయన వెనక కూర్చుని, ఫ్యాన్ వదిలే వేడిగాలికి అరచెయ్యి పెట్టి "ఊపిరి మంచిగున్నది" అని ఒప్పుకున్నాడు.

ఆటోలో చొప్ప పరిచి, బొంత చుట్టి, కంప్యూటర్‌ను ఎక్కించారు. పోయేముందు ఆయన గోడకు పెట్టే వైరును ఊడబీకి, చుట్ట చుట్టి, నా బల్ల మీద పెట్టాడు.

"వైరు మర్చిపోతున్నవ్ పెద్దనాయినా."

"నీది నీ తాన్నే ఉండనీ."

ఇంట్లో ఇంకోటి ఉందేమోననుకున్నాను. అన్నం వండే కుక్కర్లకు కూడా అలాంటివే వస్తున్నాయి కదా. దాన్ని మేకుకు తగిలించి, చాన్నాళ్ల తర్వాత ప్రశాంతంగా చాయ్ తాగాను.

ఆ చాయ్ అరగకముందే ఫోన్.

"కూలవడ్డది, సేటూ."

కాడి కింద కూలబడే ఎద్దును మించిన దరిద్రం రైతుకు లేదంటారు. ఈయన డబ్బా కూడా అదే చేస్తోంది. కోడలు పాటలు వింటే నడుస్తుంది, బొమ్మలు చూస్తే నడుస్తుంది, వీడియో తయారు చేయమని బరువు పెట్టగానే టక్కున ఆరిపోతుంది. మిషన్‌ను మళ్లీ ఆటోలో తెచ్చారు. నా వైరు పెట్టి నడిపిస్తే గుర్రంలా నడిచింది. తీసుకుపోయారు. కూలబడింది. తెచ్చారు. నడిచింది. డబ్బా మార్చి కొత్తదిచ్చాను. అదీ అంతే. "మీ ఊరి కరెంటు మంచిగ లేదు" అని స్టెబిలైజర్ పెట్టించాను. అయినా అంతే. పోయిన ప్రతిసారీ ఆయన నా వైరును చుట్ట చుట్టి బల్ల మీదే పెట్టి పోయేవాడు, నేను మేకుకు తగిలించేవాణ్ణి. నేనైనా వెనక్కి పిలిచి అడిగానా అంటే, ఆయన వెనక్కి రాకూడదనే అప్పటికి నా మొక్కు.

"సంతల నడుస్తది, చెల్కల కూలవడ్తది," అంటాడు తల ఊపుతూ. "మాయల ఎద్దు. దీని మొదటి యజమాని ఎవలు, సేటూ?"

"ఫ్యాక్టరీ, పెద్దనాయినా!"

"ఆయన మీద నాకు నమ్మకం కలుగుతలేదు."

ఒకరోజు ఆయన కాదు, కోడలు ఫోన్ చేసింది.

"అన్నా, ఒడిబియ్యం దగ్గరవడ్డది. ఫోటోగ్రాఫర్ ఫుటేజీ వాపస్ ఇయ్యమంటున్నడు. మామేమో ఇంకో డబ్బా చూస్తనంటున్నడు. ఇయ్యాల నువ్వొచ్చి చూస్తే చూసినట్టు. లేకుంటే నేను రేపట్నుంచి పత్తికి పోత."

ఏడిస్తే ఏదో ఒక జోకు వేసి ఊరుకోబెట్టేవాణ్ణి. ఆమె ఏడవలేదు. దుకాణానికి తాళం వేసి బండి తీశాను.

ఖాళీ అయిన ఎడ్ల కొట్టాన్నే అలికి, సున్నం వేసి, కంప్యూటర్ గదిగా చేశారు. ఆ ఇంట్లో గాలి బాగా వచ్చే జాగా అదే. ఆయన భార్య అరుగు మీద చేట పెట్టుకుని కందులు బాగుచేస్తోంది. నన్ను చూసి తల ఊపి మళ్లీ కందుల్లో పడింది. కోడలు వీడియోకు బరువు పెట్టింది. తెర మీద పని ఎంతయిందో చూపే గీత సగం దాకా పాకి, మొత్తం నల్లబడింది.

అలవాటు కొద్దీ మిషన్ నెత్తిన ఒక్కటి చరిచి, వంగి వెనక్కి చూశాను. మిషన్‌కు పెట్టి ఉన్నది సంతలో గోనెపట్టా మీద పరిచి అమ్మే రకం సన్నటి వైరు. లోపల రాగి కంటే ఆశ ఎక్కువ. బిగువు లేక వేలాడుతోంది. ప్లగ్గుకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి ఉంది. ముట్టుకుంటే రొట్టెల పెనంలా కాలింది.

"గిదెవలు వెట్టిండ్రు?"

"నేనే. కొత్తదే. సంతల కొన్న."

"మరి నా వైరెందుకు నా తాన్నే పెట్టొస్తివి?"

"అది నీది గద."

నేను కోపాన్ని మింగుతూ ఇంకొకసారి అడిగాను. అప్పుడు చెప్పాడు, పసిపిల్లవాడికి చెప్పినట్టు.

"ఎద్దును అమ్మినోడు పలుపు ఇయ్యడు, సేటూ. పలుపు పోయిందంటే దానెంబడి కొట్టంల లచ్చిమి గూడ పోతది. కొన్నోడే కొత్త తాడు కొని, పసుపు రాసి కట్టుకోవాలె. నువ్వేమో తెల్వక మర్చిపోతున్నవ్ అంటివి. దుకాణం జూస్తే గంతంత ఉన్నది, ఉన్న లచ్చిమి గూడ పోతే పిలగాడు ఏమైపోతడని నేనే ఆడ పెట్టొస్తి."

ఇన్ని సంతల పాటు నన్ను వేపుకు తిన్న మనిషి, అదే చేత్తో నా దుకాణం లక్ష్మిని కాపలా కాస్తున్నాడు! తిడదామంటే తిట్టడానికి జాగా లేదు. నాకు అసలు కోపం అప్పుడొచ్చింది.

"పెద్దనాయినా! ఎద్దుకు తాడు మారిస్తే ఎద్దుకేం గాదు. అది నోటితోని తింటది. దీనికి మేత వచ్చేదే తాడులకెంచి! నువ్వు దానికి గొంతు పిసికి, ఎందుకు కూలవడ్తదంటవ్?"

ఆయన వైరును చూశాడు. డబ్బాను చూశాడు. నన్ను చూశాడు.

"మరి గా ముక్క మొదలే చెప్పాలె గద!"

"మామా!" అంది కోడలు. అన్ని వారాలు ఆపుకున్న తిట్లన్నీ ఆ ఒక్క పిలుపులో ఉన్నాయి.

నా సంచిలో మంచి వైరుంది. తీశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నీది మాత్రం వద్దు."

"నా లచ్చిమి పోతే పోనీ పెద్దనాయినా, ఈ పిల్ల పని గానీ!"

"తూ, గట్లనకు! సంజెకాడ గట్లంటరా?"

మధ్యాహ్నం దాటి ఎంతోసేపు కాలేదు. అయినా ఆయనకు సంజె అయింది. ఇక వాదించలేదు. వెనక్కి కోస్గి పోయి, నా దుకాణానికి ఎదురుగా ఉన్న నా పోటీ దుకాణంలో ఒక మంచి వైరు కొన్నాను. "ఏందన్నా, వైర్లకు గూడ నా కాడికే వస్తున్నవ్? దుకాణం ఎత్తేస్తున్నవా?" అని అతను పళ్లికిలించాడు. ఏమని చెప్పను? మా లక్ష్మి ఇంట్లోంచి కదలదు, నీదైతే పరవాలేదు అని చెప్పనా?

ఆ వైరు పెట్టాక గీత పాకింది. సగం దాటింది. కోడలు గోళ్లు కొరుక్కుంటోంది. ఆయన మిషన్ వెనక గొంతుకు కూర్చుని, వేడిగాలికి చెయ్యి అడ్డం పెట్టి, దానితో ఏదో గొణుగుతున్నాడు. ఎడ్లను అదిలించే మాటలే అయి ఉండాలి. గీత చివరిదాకా వెళ్లి ఆగింది. ఆ పిల్ల వీడియోను ఒకసారి మొదటినుంచి తిప్పి చూసుకుని, పెన్‌డ్రైవ్‌ను కొంగుకు ముడేసుకుంది. చప్పుడు కాకుండా లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది.

ఒడిబియ్యం నాడు ఆ ఇంటివాళ్లు వీడియో వేస్తే, అప్పగింతల దగ్గర వంటవాళ్లు కూడా గరిటెలు వదిలేసి వచ్చి నిలబడ్డారట. ఫోటోగ్రాఫర్ అదే వారం ఇంకో పెళ్లి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఏడు ఆమె పత్తికి పోలేదు. తర్వాతా పోలేదు.

నా బాధ మాత్రం తీరలేదు. నేను అడక్కపోయినా ఆయన నా దుకాణానికి బేరగాడయ్యాడు. ఏ పల్లెలో ఎవరు కంప్యూటర్ కొంటానన్నా ముందు నడిచి తీసుకొచ్చేవాడు, ముందు డబ్బాలోకి ఊదేవాడు. వైరు మాత్రం నా దగ్గర తీసుకోనిచ్చేవాడు కాదు. మిషన్ నా దగ్గర, వైరు ఎదురు దుకాణంలో. దసరాకు అందరికంటే ముందు నా చేతిలో జమ్మి పెట్టి, ఒంగి మరీ మొక్కేది ఆ పోటీ దుకాణపువాడే.

దినాల నాడు వాళ్లింటికి వెళ్లాను. గోడకు ఆయన ఫోటో, దానికి దండ. కొట్టంలో మిషన్ నడుస్తూనే ఉంది, కోడలు పని ఆపలేదు. ఆపితే ఆయనే ఊరుకునేవాడు కాదు. ఆయన భార్య, నాకు పెద్దమ్మ, అరుగు మీద కూర్చుని ఉంది. వచ్చినవాళ్లంతా మెల్లగా మాట్లాడి పోతున్నారు. నాకు మెల్లగా మాట్లాడ్డం చేతకాదు. ఆమెను కాస్త నవ్విద్దామని పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఒక్క డబ్బా కొననీకెనే నన్ను గన్ని సంతలు తిప్పిండు. మరి నిన్ను చేసుకోనీకె మీ బాపును ఎన్నేండ్లు తిప్పిండో!"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"ఆయన నన్ను చూసుడెక్కడిది, బిడ్డా. నేనే ఆయనను చూసిన. మా బాపు ఎంబడి సంతకు పోతే, ఒక ఎద్దు బెదిరి ఆయన కాలు తొక్కింది. కొట్టు కొట్టని అందరు ఒర్లుతున్నరు. కొట్టలే. దాని మెడ మీద చెయ్యేసి నిలవడ్డడు. గీయననే చేసుకుంట అన్న. గా డబ్బా గూడ గన్నిసార్లు కూలవడ్డది గద, ఒక్కనాడన్న దాని మీద చెయ్యి లేపిండా? నువ్వే, వచ్చుడు వచ్చుడే దాని నెత్తి మీద ఫట్టుమని ఒక్కటిస్తివి. గీన్నే కూసోని చూసిన. అప్పుడే అనుకున్న, గీ పిలగానికి పిల్లనెట్ల ఇచ్చిండ్రో అని."